దిగని ఊరు

కోవిల్‌పట్టిలో బస్సెక్కినప్పటి నుంచీ విమాన కంపెనీ మీద మా తమ్ముడితో ఫోన్‌లో విసుక్కుంటూనే ఉన్నాను. ఫోన్ పెట్టేశాక పక్క సీటులోని పెద్దావిడ, "మన బాసేనా!" అని, తమిళనాట తెలుగు వినబడ్డందుకు సంబరపడి, "ఏమప్పా తకరారు?" అంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తుందట.

"విమానంలో ఎంత దూరం పోతే అన్ని మైళ్ళు మన పేర రాస్తారమ్మా. చాలినన్ని చేరితే ఊరికే టికెట్టిస్తారు. మొన్న నా విమానం చుట్టు తిరిగి, మధ్యలో ఒక ఊళ్ళో ఆగి పోయింది. వీళ్ళేమో ఆ ఊరే లేనట్టు తిన్నగా పోయిన దూరమే రాశారు."

"ఆడ నువ్వు దిగితివా?"

"లేదు. సీట్లోనే కూర్చున్నా."

ఆమె కిటికీలోంచి ముందుకు చెయ్యి చూపింది. "సాత్తూరు దాటినాక మా పుట్టినూరు. అన్నతో మాటల్లేవు. ఎనిమిదేండ్లుగా ఈ బస్సు ఆడ నిలుస్తా ఉంది, నేను దిగేది లే. అట్లంటే నేను మా ఊరికి పోనట్టేనా?"



ఆ ఊళ్ళో బస్సు ఆగింది. ఆమె చెప్పులు సీటు కిందే వదిలి, సంచి నా ఒళ్ళో పెట్టి దిగింది. రోడ్డు పక్క చేను అంచున ఊరికే నిలబడింది. కండక్టర్ ఈల వేయగానే ఎక్కి కూర్చుని, "ఇప్పుడు?" అంది.

విరుదునగర్‌లో ఆమె సంచి ఆమెకిచ్చి దిగాను. కంపెనీకి మొదలుపెట్టిన ఫిర్యాదు ఇంకా ఫోన్‌లో సగంలోనే ఉంది. "మధ్యలో ఆగిన ఊరు" అన్నదాకా రాస్తాను. అక్కడికి వచ్చేసరికి, దులుపుకోకుండా కూర్చున్న ఆమె పాదాల మీది నల్లమట్టి కనిపిస్తుంది.