పచ్చడి నాది, వీడియో ఆమెది

మా తోడికోడలు అందగత్తె. ఈ మాట నా నోటితో నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఒప్పుకోక తప్పదు. మనిషి పొడుగు, పచ్చని ఛాయ, నవ్వితే బుగ్గన సొట్ట. తెనాలి పిల్ల. కాపురానికి వచ్చి ఏడాది తిరక్కుండానే వీధిలో అందరితో వరసలు కలిపేసింది. నేను అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాను. నన్ను మాత్రం ఎదురింటివాళ్లు ఇంకా ‘పచ్చళ్లవాళ్ల పెద్దకోడలు’ అనే అనేవాళ్లు.

గుంటూరులో మాకు చిన్న పచ్చళ్ల కొట్టు ఉండేది. ముందు గదిలో కొట్టు, వెనక ఇల్లు. మామగారు పోయాక అత్తగారు వంటింట్లో మొదలుపెట్టిన వ్యాపారం అది. ఆవకాయ, గోంగూర, మాగాయ అన్నీ పెట్టేవాళ్లం కానీ, మా పేరు నిలబెట్టింది పండుమిరప పచ్చడి. చలి తగ్గే రోజుల్లో పల్లెల నుంచి పండుమిరపకాయలు బస్తాల్లో వచ్చేవి. వాటిని కడిగి, ఒక్కోకాయా గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పు, పసుపు, చింతపండు వేసి రోట్లో దంచాలి. ఎక్కడా తడి తగలకూడదు. ఆ నెలంతా ఇంటికి వచ్చినవాళ్లు తుమ్మకుండా గడప దాటేవాళ్లు కాదు.

అత్తగారికి ఒక పట్టింపు ఉండేది. పచ్చడి కలిపే చెయ్యి ఒక్కటే ఉండాలి. చెయ్యి మంచిదైతే జాడీ ఏడాది నిలుస్తుంది, కాకపోతే ఎంత ఉప్పు పోసినా బూజు పడుతుంది. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు. మొదట్లో ఆవిడే కలిపేవారు. మణికట్టు నొప్పి వచ్చాక నా చేత ఒక జాడీ కలిపించి, మూత పెట్టి, మళ్లీ వానలు పడేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. మూత తీసి చూశాక, ‘ఇక నువ్వే కలుపు’ అన్నారు. అంతే. పొగడ్త అనేది ఆవిడ నోట్లోంచి అంతకుమించి రాదు. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది ఆ ఒక్క మాటే. కలిపిన రోజు చేతులు భగభగ మండిపోయేవి. ఆముదం రాసుకుని కూర్చునేదాన్ని, కానీ ఆ మంట నాకు ఇష్టంగానే ఉండేది.

అప్పుడప్పుడే పెళ్లిళ్లకు వీడియోలు తీయించడం మొదలైంది. హైదరాబాదు వెళ్లే ప్రైవేటు బస్సుల్లో టీవీ పెట్టి సినిమాలు వేసేవాళ్లు. మా మరిదితో చదువుకున్న ఒకాయన అలాంటి బస్సు కొన్నాడు. సినిమాకు ముందు మన కొట్టు గురించి చిన్న వీడియో వేయిస్తానని మరిది అత్తగారిని ఒప్పించాడు. పెళ్లిళ్లు తీసే మనిషిని చీరాల నుంచి పిలిపించాడు.

వీడియోలో పచ్చడి కలిపే మనిషి ఉండాలన్నారు. కలిపేది నేను కాబట్టి ఇంకో ఆలోచనే నాకు రాలేదు. ముందురోజే తలంటుకున్నాను. పెట్టెలోంచి ఆకుపచ్చ నేతచీర తీసి, మడతలు పోయేలా ఆరేశాను. వీడియో ఆయన వచ్చి, మంచినీళ్లు తాగి, మా ఇద్దరినీ ఒకసారి చూశాడు. నిజానికి ఇద్దరినీ చూడలేదు, ఒకర్నే చూశాడు. ‘ఆవిడ కూర్చుంటే బాగా వస్తుందండి’ అన్నాడు. అత్తగారు నా వంక తిరిగి, “చిన్నమ్మాయి కూర్చుంటుందిలే, నువ్వు పని చూసుకో,” అన్నారు. పని అంటే ఏమిటి? ఆ పచ్చడే కదా. కెమెరా ముందు పెట్టిన పళ్లెం నిండా తెల్లవారుజామునే లేచి నేను దంచినదే. సొమ్మొకడిది సోకొకడిది అంటే నాకు ఆ రోజు తెలిసింది.

తోడికోడలు తన పెళ్లి పట్టుచీర కట్టుకొచ్చింది. పట్టుచీర కట్టుకుని మిరపకాయలు ఎవరు దంచుతారో ఆ వీడియో ఆయనకే తెలియాలి. పెద్ద పెద్ద లైట్లు పెట్టాడు. ఆ వేడికి ఘాటు లేచి అందరం తుమ్ములే తుమ్ములు. ఆమె తుమ్మినా ముద్దుగానే ఉందని మరిది నవ్వాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే, ‘మీ నీడ పడుతోందండి, కాస్త అవతల ఉండండి’ అన్నాడు ఆయన. పెరట్లోకి పోయి తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. ‘చిన్నమ్మగారు కూడా పచ్చడి కలుపుతారా?’ అని ఒకామె అడిగింది. ఆమె మామూలుగానే అడిగింది. నేనే కసిరాను. వాళ్లలో ఒకామెను లైటు పట్టుకోవడానికి లోపలికి పిలిచారు. లైటు పట్టుకోవడానికి కూడా నన్ను పిలవలేదు.

అదంతా అయ్యాక పళ్లెం నా దగ్గరికి వచ్చింది. పైపైన మెరుస్తూ ఉంటే, వీడియోలో బాగా కనిపించాలని నూనె పోశారేమో అనుకుని సీసాలకెత్తాను.

వీడియో చూడ్డానికి ఇంటిల్లిపాదీ ఒక మధ్యాహ్నం ఆ బస్సు ఆగివున్న చోటికి వెళ్లాం. ఎక్కడికీ వెళ్లని బస్సులో టిక్కెట్టు కొన్నవాళ్లలా సీట్లలో సర్దుకుని కూర్చున్నాం. టీవీలో ముందు మా కొట్టు బోర్డు, తర్వాత ఎర్రటి పచ్చడి, తర్వాత ఆమె మొహం కనిపించాయి. “ఇది నా చేత్తో కలిపిన పచ్చడండి. ఒక్క ముద్ద తిని చూడండి,” అంది నవ్వుతూ. అందరూ చప్పట్లు కొట్టారు. మావారు కూడా కొట్టారు. కళ్లలో నిప్పులు పోసుకోవడం అంటారు చూడండి, నేను పోసుకున్నాను. ఎవరో రాసిచ్చిన మాటే ఆమె చెప్పిందని నాకు తెలుసు. తెలిసినా ‘నా చేత్తో’ అన్న దగ్గర నా ఒళ్లు మండిపోయింది. మిగతా వీడియో నేను చూడలేదు, కిటికీలోంచి రోడ్డు మీద పోయే పత్తి బళ్లను చూస్తూ కూర్చున్నాను.

అమ్మకాలు పెరిగాయి. అది అబద్ధం చెప్పను. బస్సు దిగినవాళ్లు వెతుక్కుంటూ వచ్చి ‘వీడియోలో ఆవిడ ఉన్నారా?’ అని అడిగేవాళ్లు. అత్తగారు ఆమెను కొట్లో కూర్చోబెట్టారు. పొన్నూరు నుంచి వచ్చిన ఒకావిడ, ఇంత పనీ ఒక్కదానివే ఎలా చేస్తావమ్మా అని అడిగితే, ‘మా అక్క కూడా సాయం చేస్తుందండి’ అంది ఆమె. సాయం! తలుపు వెనకాల నిలబడి ఆ మాట విన్నాను. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

తర్వాత సీసాలు వెనక్కి రావడం మొదలైంది. మూత తీస్తే తెల్లటి బూజు. అన్నీ ఆ వీడియో రోజు ఎత్తిన సీసాలే. నా పెళ్లయ్యాక మా కొట్లో అలా జరగలేదు. అత్తగారు వాసన చూసి, సీసా పక్కన పెట్టి, చాలాసేపు నా చేతుల వంక చూశారు.

“నీ చేతివాసి పోయినట్టుందే అమ్మాయ్. ఈసారి చిన్నదాన్ని కలపనిద్దాం,” అన్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు. మొహం ఆమెది అయింది, పేరు ఆమెది అయింది, ఇప్పుడు ఆ చెయ్యి కూడా ఆమెకే ఇచ్చేస్తున్నారు. అక్కడితో ఊరుకుంటే నేను ఆ ఇంట్లో అంట్లు తోముకోవాల్సిందే. ఆ రోజు ఎవరేం చేశారో ఒక్కొక్కర్నీ అడిగాను. చివరికి లైటు పట్టుకున్నామె చెప్పింది. పచ్చడి రంగు తేలడం లేదని వీడియో ఆయన చెంబుతో నీళ్లు తెప్పించి పైన చిలకరించాడట. మా తోడికోడలు ఆ తడి చేత్తోనే రెండు మూడుసార్లు అడుగుదాకా కలిపిందట. పచ్చళ్ల ఇంట్లో పసిపిల్ల కూడా చెయ్యని పని అది.

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ మధ్యాహ్నమంతా చెప్పాల్సిన మాటలు ఒక్కొక్కటే కూర్చుకున్నాను. ఇంట్లో చెబితే ఇంట్లోనే ఉండిపోతుంది కాబట్టి, సాయంత్రం కొట్లో జనం ఉన్నప్పుడు చెప్పాలనుకున్నాను. సరిగ్గా ఆ వేళకే పొన్నూరావిడ బూజు పట్టిన సీసా పట్టుకుని వచ్చింది. అత్తగారు ఉన్నారు, మరిది ఉన్నాడు, ఇంకా కొనేవాళ్లు ఉన్నారు. మా పెద్దకోడలి చెయ్యి ఈమధ్య బాగుండటం లేదని అత్తగారు ఆవిడకు సర్దిచెప్పబోయారు. నేను గొంతు సవరించుకున్నాను.

“అక్క చెయ్యి కాదత్తయ్యా,” అంది మా తోడికోడలు నాకంటే ముందు. “ఆ రోజు వీడియో కోసం తడి చెయ్యి పెట్టింది నేను. తప్పని నాకు తెలియలేదు. అక్కనేమీ అనకండి.”

కళ్ల నిండా నీళ్లు. ఆ నీళ్లు నటన కాదు, నాకు తెలుసు. అదే నా ఖర్మ. కొట్లో ఉన్నవాళ్లంతా కరిగిపోయారు. ఈ రోజుల్లో ఇలా ఒప్పుకునేవాళ్లు ఎవరున్నారమ్మా అంది పొన్నూరావిడ. అత్తగారు చెంగుతో కళ్లొత్తుకుని, ఆమె తల నిమిరారు. తర్వాత నా వైపు తిరిగి, ‘రేపట్నుంచి మళ్లీ నువ్వే కలుపు’ అన్నారు. నాకు కావలసింది అదే. వచ్చింది. కానీ ఆమె ఇస్తే వచ్చింది. నేను కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. పచ్చడి పేరు ఎలాగూ ఆమెకే పోయింది, ఆఖరికి తప్పు కూడా నాకు మిగల్చలేదు.

పొన్నూరావిడ డబ్బు వెనక్కి వద్దంది. ఇంకో సీసా ఇవ్వమంది, అదీ మా తోడికోడలి చేతి మీదుగానే ఇవ్వాలంది. నేనే లోపలికి వెళ్లి, నేను కలిపిన పచ్చడి సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.