ఫలితాల గది ముందు కుర్చీలు

బతికున్నన్నాళ్లూ ఇంట్లో అందరూ ఆవిణ్ణి గాభరా అనే పిలిచారు. తాళం వేసిన తలుపును నాలుగుసార్లు లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చే మనిషి. "నువ్వు పరిశోధన చేస్తే ఎలకలకి కూడా రక్తపోటు వస్తుందే" అని అన్నయ్య ఆటపట్టించేవాడు. అయినా హార్మోన్ల పరిశోధనలో పాతికేళ్లు నిలదొక్కుకుందంటే ఆ గాభరా చలవే. ఒక్క రక్తం గొట్టం మీద కూడా చీటీ తప్పుగా అంటించి ఎరగదు.

ఆవిడ పని ప్రొలాక్టిన్ మీద. తల్లికి పాలు పడేలా చేసే హార్మోను అది. వేళకాని వేళ ఎక్కువైతే అండం విడుదల కాదు. పిల్లలు కలగని ఆడవాళ్లలో అది కొంచెం పెరిగినా మాత్రలు వేయడం మంచిదని ఆవిడ వ్యాసం రాసింది. దాన్ని నమ్మి ఆవిడ పనిచేసే ఆస్పత్రిలో నలభై మందికి పైగా మాత్రలు మొదలుపెట్టారు. మింగినవాళ్లకు కళ్లు తిరిగేవి, కడుపులో దేవేది. పిల్లల మీద ఆశతో ఓర్చుకునేవాళ్లు.

ఒకసారి రెండు వారాల ఫలితాలు ఆవిడకు వింతగా కనిపించాయి. కొత్తగా వచ్చిన పద్నాలుగు మందిలో ఒక్కరికీ ప్రొలాక్టిన్ ఎక్కువ లేదు. రసాయనాలు పాడయ్యాయా? ఫ్రిజ్ ఆగిపోయిందా? అన్నీ తిరగేసి చూసింది. అన్నీ లక్షణంగా ఉన్నాయి. చివరికి రక్తం తీసే నర్సును నిలదీసింది.

"ఆ రెండు వారాలూ ఏమన్నా మార్చావా?"

"నేనేం మారుస్తానమ్మా? వరండాకి రంగులేస్తున్నారని కుర్చీలు వెనక గదిలో వేశాం, అంతే."

"ఇప్పుడో?"

"మళ్లీ ఇక్కడే. ఈ తలుపు వెనకే కదా పెద్దసారు ఫలితాలు చెప్పేది. లోపల ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు. ఇక్కడున్నవాళ్లు బిక్కచచ్చిపోతారు. సూది చూడకముందే చేతులు చల్లబడిపోతాయి."

బెదిరితే ప్రొలాక్టిన్ పెరుగుతుందని ఆవిడకు తెలుసు. విద్యార్థులకు పాఠం కూడా చెప్పింది. కుర్చీలు ఎక్కడున్నాయో మాత్రం ఏనాడూ చూడలేదు. ఆవిడ బల్ల మీదికి గొట్టాలే వచ్చేవి.

"ముందు నా రక్తం తియ్యి. ఇక్కడోసారి, వెనక గదిలో ఓసారి."

"మీదా! మిమ్మల్నెక్కడ కూర్చోబెట్టినా ఒకటేనమ్మా. మీరు లెక్కలోకి రారు."

కొంతమందికి మాత్రలు ఆపించి మళ్లీ పరీక్షించాలనేసరికి పెద్దసారు మండిపడ్డారు. "వచ్చిన పేరు చేజేతులా చెడగొట్టుకుంటావా? నిన్నెవరైనా అడిగారా?"

"తెలిస్తే కద సార్, అడగడానికి."

పదకొండు మందికి ఒప్పుకున్నారు. మాత్రల ప్రభావం పోవడానికి ఆరు వారాలు ఆగాలి. వ్యాసం తప్పయితే ఇన్నేళ్ల కష్టం నీళ్లపాలు. ఒప్పయితే మందు ఆపించి ఈ పదకొండు మందికీ అన్యాయం చేసినట్టు. ఏది కోరుకోవాలో కూడా తెలియలేదు.

వాళ్లను వెనక గదిలో గంటసేపు కూర్చోబెట్టి రక్తం తీశారు. తొమ్మిది మందికి ప్రొలాక్టిన్ మామూలుగానే ఉంది.

ఉత్తరాలు పంపిద్దామన్నారు పెద్దసారు. ఆవిడ వినలేదు, ఒక్కొక్కరికీ తనే ఎదురుగా చెబుతానంది. మొదట వచ్చింది ఒక బడిపంతులమ్మ. మూడేళ్లు మాత్రలు మింగిన మనిషి.

"అంటే నాకు జబ్బు లేదా?"

"ఈ జబ్బు లేదమ్మా."

"ఎప్పుడూ లేదా?"

"లేదు. పొరపాటు నాది."

పంతులమ్మ తిట్టినా బాగుండేది. ఆమె సంచిలోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, ఆవిడ చేతిలో పెట్టింది.

"మా అత్తగారికి మీరే చెప్పండి డాక్టరుగారూ. నేను చెబితే నమ్మరు."

అవతల ఎవరో ఎత్తారు. "ఎవరూ?"

"మీ కోడలికి పరీక్ష చేసినదాన్నమ్మా," అంది ఆవిడ. "తప్పు చెప్పాను."