క్రేను వరహాలు కొత్త కిటికీ

పోర్టులో ముప్ఫై ఏళ్ళు క్రేను నడిపి రిటైరైన వరహాలు, ఉప్పుగాలికి తుప్పుపట్టి రాలిపోతున్న ఇనప కిటికీలు మార్పిద్దామని భార్య జోగమ్మతో కలిసి షాపుకు వెళ్ళాడు. అక్కడ ఒక్కో కిటికీ వెనకా స్టూలు వేసుకు కూర్చుని, లేని లీవర్లు లాగి చూశాడు. చివరికి బయటి చప్పుడు లోపలికి రానివ్వని డబుల్ గ్లాసు కిటికీ దగ్గర ఆయన మొహం వెలిగింది. అచ్చం క్రేను క్యాబినే.

"బయట్నుంచి నాను పిలిస్తే నీకు ఇనబడతాదేటి?" అంది జోగమ్మ.

"సైగ సెయ్యి. సైగల్తోనే ఓడలు ఖాళీ సేసినోడ్ని నాను."

బిగించిన మర్నాడే వాన. కరెంటూ పోయింది, బెల్లు మోగలేదు. చేపల సంచితో తడుస్తూ వచ్చిన జోగమ్మ, తలుపు గడియ వేసి ఉండటంతో కిటికీ ముందు నిలబడి రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకుంది. లోపల కుర్చీలోంచి వరహాలు ఆమెను శ్రద్ధగా గమనించాడు. సైగ అర్థం కాకపోతే ఆపరేటరు కదలకూడదు. ఆ నియమం తప్పలేదు గనకే ఆయన సర్వీసులో ఒక్క ప్రమాదం లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

జోగమ్మ సంచి కిందపెట్టి ఇటుక అందుకుంది.

ఆ సైగ మాత్రం ఆయనకు వెంటనే అర్థమైంది.