అత్తమ్మ సైకిల్ నేర్చిన ఏడాది

పొద్దున మా మనవరాలు గోడ వదిలి తొలి అడుగులు వేసింది. అంతలోనే కూలబడి, ఏడవాలా వద్దా అన్నట్టు మా మొహాలు చూసి, మేం నవ్వేసరికి తనూ నవ్వి లేచింది. ఆ లేవడం చూస్తే మా అత్తమ్మ గుర్తుకొచ్చింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నలభై ఏళ్ల వయసులో నేను బీఎడ్‌లో చేరాను. కొత్తకోట దగ్గరి పల్లెలో గొర్రెల మీద బతికిన ఇల్లు మాది. కూతురు ఇంటర్ చదువుతుంటే తల్లి కాలేజీ బస్సెక్కడమేమిటని వాడకట్టంతా నవ్వుకున్నా, అత్తమ్మ మాత్రం సద్ది కట్టిచ్చి పంపేది. సాయంత్రం గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి, నేను పైకి చదువుకునే పాఠాలు పక్కన కూర్చుని వినేది. శైశవం, బాల్యం, కౌమారం అన్నీ దాటి, ముసలితనంలో కూడా మనిషి కొత్తవి నేర్చుకోగలడని చదివిన రోజున నన్ను ఆపింది.

"గట్ల రాసిన్రా? అయితే నాకు సైకిల్ నేర్పియ్యి బిడ్డా. చిన్నప్పటి సంది మనసున్నది."

బొక్కలు విరుగుతాయని మా ఆయన గోల చేసినా ఆమె వినలేదు. ఖాళీగా ఉన్న కల్లంలో, కూతురి సైకిల్ మీద, చీర గోచి బిగించి ఆమె తొక్కుతుంటే వెనక సీటు పట్టుకుని నేను, మా వెంట మొరుగుతూ మంద కుక్క! పడ్డప్పుడల్లా ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, మళ్లీ ఎక్కేది.

ఆ రోజుల్లోనే మమ్మల్ని పాఠాలు చెప్పడానికి ఒక బడికి పంపారు. మొదటిరోజే పిల్లల ముందు నాకు నోరు పెగల్లేదు. మా కూతురి కన్నా కాస్త పెద్దవాళ్లయిన తోటి విద్యార్థులు వెనక కూర్చుని చూస్తుంటే, సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడిపోయాను. ఇంటికొచ్చి, ఇక పోనని చెప్పి ముసుగు పెట్టి పడుకున్నాను.

అత్తమ్మ ఓదార్చలేదు. "లే, సైకిల్ పట్టు" అంది. కల్లానికే అనుకున్నాను. ఆమె నేరుగా మా ఊరి బడి ముందరి బాటకు నడిపించింది. అప్పుడే బడి విడిచి పిల్లలు బిలబిలా వస్తున్నారు. అందరూ చూస్తుండగా ఎక్కింది, కొంచెం దూరం పోయి ఇసుక కుప్పలో పడింది. పిల్లలు ఒకటే నవ్వు.

"నవ్వుడు అయిపోయిందా? ఇగ జర ఎన్క పట్టుండ్రి" అంది కొంగు దులుపుకుంటూ.

పిల్లలు ఎగబడి పట్టుకున్నారు, తోశారు, వదిలేశారు. వదిలేసిన సంగతి తెలియకుండానే ఆమె మలుపు దాకా తొక్కుకుంటూ పోతే, వెనక అరుస్తూ ఉరికిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

మర్నాడు బస్సెక్కాను. నిన్న నాకు మాట రాలేదు, ఈ రోజు తడబడితే మీరే అందించాలి అని పిల్లలతో చెప్పాను. వాళ్లు ఫక్కున నవ్వారు, పోటీపడి అందించారు, పాఠం సాగిపోయింది.

అత్తమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు సైకిల్ మీదే సంతకు పోయి వచ్చింది. ఇప్పుడామె లేదు. ఆ కల్లం జాగాలో ప్లాట్ల హద్దురాళ్లు లేచాయి. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి బీఎడ్ శిక్షణకు వచ్చే అమ్మాయిలు ఇంట్లో ఒంటరిగా ఫోన్ ముందు పాఠం చెప్పుకుని, తప్పులన్నీ దిద్దుకునే వస్తారు. ఒక్కరూ తడబడరు. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. అయినా, నలుగురి ముందు పడి, ఆ నలుగురి చేతుల మీదే లేచి నేర్చుకోవడంలోని సంబరం వాళ్లకు తెలియకుండా పోతున్నదే అని మనసులో చిన్న వెలితి.