నడిపి వదిన పీకిన బలురక్కసి

మా నడిపి వదిన మిర్యాలగూడలో పోయిందని, మిల్లుకు వడ్లు తోలి వచ్చిన బండివాడు చెప్పాడు. అప్పటికే మూడు రోజులైంది. జ్వరంతో మిల్లు వెనక రేకుల పాకలోనే పోయిందట. దహనం అక్కడి కూలీలే చేశారు. సూర్యాపేట బంధువులు ఇప్పుడు ఆమె ఓర్పును పొగుడుతున్నారు. ఆ ఓర్పు ఆమెకు ఎందుకు అవసరమైందో నేను రాస్తాను.

నడిపన్న పోయాక నడిగూడెంలో ఆమెకు మిగిలింది నాలుగెకరాల నల్లరేగడి. అప్పుడే ఆ ఊళ్లోకి బలురక్కసి అనే కలుపు మొక్క కొత్తగా దిగింది. ముళ్ల ఆకులు, పసుపుపచ్చ పూలు, కాయ నిండా ఆవాల్లాంటి నల్ల గింజలు. పెద్దన్న దాన్ని కాయలతో సహా కోయించి ఉమ్మడి పెంటకుప్పలో వేయించబోతే వదిన అడ్డుపడింది. తగవు తీర్చమని కోదాడ నుంచి నన్ను పిలిపించారు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనే కదా.

గింజలు తడిగుడ్డలో కట్టి పది రోజులు చూశాను. ఒక్కటీ మొలవలేదు. "చచ్చిన గింజలు. భయం లేదు" అని తీర్పు చెప్పాను.

వదిన నవ్వింది. "సచ్చినదానికీ పండుకున్నదానికీ తేడా నీ బుక్కులల్ల రాయలేదా మరిదీ? మా అమ్మగారింటికాడ సూసిన. కొత్త గింజ లేవదు. చలి తగిలినంక లేస్తది."

కోసిన బలురక్కసి పెంటకుప్పలో పడింది. ఆ కుప్ప ఎరువు ఆమె వంతుగా ఆమె చేనుకే పోయింది. చలి మొదలవగానే శనగకన్నా ముందు బలురక్కసి లేచింది. దున్నితే అడుగున ఉన్న గింజ పైకొచ్చి మళ్లీ మొలిచింది. రెండేళ్లు పంట పోయింది. "ఆడిమనిషి సేద్యం గిట్లనే ఉంటది" అని పదిమందిలో చెప్పి పెద్దన్న ఆమె చేను తనదాంట్లో కలుపుకున్నాడు. తప్పు నా తీర్పుదని నాకు తెలుసు. నేనక్కడే కూర్చున్నాను. నోరు విప్పలేదు.

ఆమె మిల్లు కూలికి పోయింది. అయినా ఏటా చలికాలంలో నడిగూడెం వచ్చి, పూత రాకముందే, ఆ చేలో వారం రోజులు పీకేది. పోలీసు చర్య జరిగిన నలభై ఎనిమిదిలో, ఊళ్లన్నీ గడబిడగా ఉన్నప్పుడు కూడా వచ్చింది.

"చేను నీది కాదు కదా వదినా, ఎందుకీ పరేషాన్?" అన్నాను.

"చేను మీ అన్నదే. పక్క చేన్లు ఎవలవి? గీడ కాయ పగిల్తె గాడ మొలుస్తది. జర పక్కకు జరుగు, నీ కాలికింద ఒకటున్నది."

ఈ ఏడు జ్వరం ఆమెను రానివ్వలేదు. నిన్న నేనే వెళ్లాను. మోకాళ్లు వంగవు. నేలమీద కూర్చుని జరుగుతూ, చేతికందినవి పీకాను. పసుపు పాలు కారి వేళ్లు అంటుకుపోయాయి. అవతలి గట్టున పెద్దన్న కర్ర ఆనుకుని నిలబడ్డాడు. నన్ను పొమ్మనలేదు. పొద్దు వాలేసరికి ఒక సాలు కూడా కాలేదు. మా ఇద్దరి మధ్య నాలుగెకరాలూ పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి.