పదిహేడు శనివారాల టైర్లు

దేవసహాయం గారికి ఏ వస్తువూ ఎంచుకోవడం రాదు. చేతిలో డబ్బు లేక కాదు, పిసినారితనం అంతకన్నా కాదు. అంగట్లో రెండు వస్తువులు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ఆయన కాళ్లకు అక్కడే వేర్లు దిగుతాయి. జూన్‌లో వెతకడం మొదలుపెట్టిన గొడుగు ఒకసారి క్రిస్మస్ ముందువారం ఇంటికి వచ్చింది. వానాకాలమంతా తడుస్తూనే తిరిగి, చలికాలంలో గొడుగు చంకన పెట్టుకుని చర్చికి వెళ్లారు.

మిక్సీ సంగతి సీతాఫల్‌మండిలో ఆ వీధి వీధంతటికీ తెలుసు. పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా భార్య సలోమి రోట్లో రుబ్బి రుబ్బి, తీరా మిక్సీ వచ్చాక "దీంట్లో పచ్చడి పచ్చడిలా లేదండీ" అని దాన్ని అటకెక్కించేసింది. పెళ్లిచూపులకైతే ఆయన మూడుసార్లు వెళ్లారు. మూడోసారి సలోమి తండ్రి వాకిట్లోనే ఎదురొచ్చి, "బాబూ, పిల్ల మారదు. అదే పిల్ల. మా ఇంట్లో టీ పొడే అయిపోతోంది" అన్నాడు. సలోమి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. నలభై ఒక్కేళ్లుగా ఆమెకు తేలని లెక్క ఈయనొక్కడే.

ఆయన తప్పు కూడా లేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు చక్రాలు పరీక్షించారు. వందింట్లో తేడా ఉన్న ఒక్కదాన్ని పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. ఆయన సంతకం పెట్టిన చక్రం ఒక్కటీ వెనక్కి రాలేదు. రిటైరయ్యాక ఆ చూపు వంకాయల మీదా, చెప్పుల మీదా పడింది.

ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ భరించిన ఈ అలవాటు సలోమికి ఈ ఏడు మాత్రం ముల్లయి కూర్చుంది.

కిందటి సెప్టెంబరు వానల్లో వాళ్ల ఒక్కగానొక్క కొడుకు జెఫ్రీ డెంగీ జ్వరంతో తొమ్మిది రోజుల్లో వెళ్లిపోయాడు. ముప్పై ఒక్కేళ్లు. పెళ్లయి రెండేళ్లు. కోడలు హదస్సా మేడ మీది గదిలో ఉంటోంది. పుట్టింటికి రమ్మంటే "సరే, చూద్దాం" అంది. ఇక్కడే ఉండమంటే "సరే" అంది. ఆ పిల్ల నోట్లో ఆ ఒక్క మాటే మిగిలింది.

జెఫ్రీ బండి కూడా మిగిలింది. ఎర్రటిది, రేసుల్లో తోలే రకం. నడిపేవాడు ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు వంగాలి. వెనక కూర్చున్న మనిషి అటక మీద బిందెలాగా పైన నిలవాలి. అంతటి బండినీ జెఫ్రీ నలభై దాటనిచ్చేవాడు కాదు. కూరగాయల సంచీ తగిలించుకున్న స్కూటీలు కూడా హారన్ కొట్టి వాణ్ని దాటిపోయేవి. రోజూ పొద్దున హదస్సాను వెనక ఎక్కించుకుని, ఆమె పాఠాలు చెప్పే బడి దగ్గర దింపి, ఆఫీసుకు వెళ్లేవాడు.

ఆ బండి నిలబెట్టింది సరిగ్గా సలోమి వంటింటి కిటికీ కింద. ఏళ్ల తరబడి ఆమెకు ఒకటే గుర్తు: బండి అక్కడుంటే జెఫ్రీ ఇంట్లో ఉన్నట్టు. ఇప్పుడు బండి ఎప్పుడూ అక్కడే ఉంటోంది. కనిపించిన ప్రతిసారీ, అర క్షణం, వచ్చేశాడనిపిస్తుంది. ఆ అర క్షణం అయిపోయాక పొయ్యి మీద కూర మాడినా ఆమెకు తెలియదు. అందుకే కిటికీ మూసేసింది. బండి ఇల్లు దాటితే గాని మళ్లీ తెరవకూడదనుకుంది.

జెఫ్రీ పోయిన నలభయ్యో రోజు ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన నాడు హదస్సా అన్న రోనాల్డ్ మెల్లగా మాట తీశాడు.

"అత్తయ్యా, రోజూ కండ్ల ముందుంటే చెల్లె ఎట్ల తేరుకుంటది? నా దోస్తు ఒకడు బండి తీసుకుంటనంటుండు. టైర్లు అరిగినయ్, అవి మార్పిచ్చి ఇస్తె చాలన్నడు."

"సరే అన్నయ్యా" అంది హదస్సా.

సలోమికి ప్రాణం లేచివచ్చింది. అంతలో మూల కుర్చీలోంచి దేవసహాయం గారు లేచారు. "టైర్ల సంగతి నేను జూస్త."

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పాస్టరు గారు కూడా.

"మీకెందుకు మామయ్యా తక్లీఫ్, నేను తెస్త గద" అన్నాడు రోనాల్డ్.

"టైర్లంటే చక్రాలు బాబూ. చక్రాలు నా డిపార్ట్‌మెంటు."

మర్నాడు పొద్దున ఆయన కళ్లద్దాలు పెట్టుకుని బండి ముందు గొంతుక్కూర్చున్నారు. చాలాసేపు వెనక టైరును వేలితో తడిమారు.

"ఇటు జూడు సలోమీ. రేసు బండికి అంచులు అరగాలె, మూలమలుపుల వంగుతరు గనక. వీనిది నడిమిట్లనే సదునుగ అరిగింది. అంచులు కొత్తగనే ఉన్నయ్. ఒక్కనాడు సుత వంగలే పోరడు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి."

సలోమి లోపలికి వెళ్లిపోయింది.

ఆ శనివారం ఆయన కాప్రాలో హరికిషన్ టైర్ల దుకాణానికి బస్సెక్కి వెళ్లారు. సాయంత్రానికి వట్టి చేతులతో తిరిగొచ్చారు.

"ఏమయింది?"

"ఉన్నయ్ గనీ రబ్బరు మెత్తగున్నది. రోడ్డును మంచిగ పడ్తది, గనీ జల్ది అరుగుతది."

రెండో శనివారం: "గట్టిది జూసిన. ఏండ్లకేండ్లు నడుస్తది. గనీ తడిల జారుతది."

మూడో శనివారం సలోమి ముందే సిద్ధమై ఉంది. "మెత్తదీ గట్టిదీ కాకుండా మధ్య రకం ఉండదా?"

"అది సుత ఉన్నది."

"మరి?"

"దాని మనసు ఎటున్నదో తెలుస్తలేదు."

తర్వాత పుట్టిన తేదీల గొడవ షురూ అయింది. ప్రతి టైరు పక్కనా నాలుగంకెలుంటాయట. ఏ సంవత్సరం, ఎన్నో వారం తయారైందో చెబుతాయట. ఒక వారం చూసిన టైరు మూడేళ్లది, ముసలిదన్నారు. పై వారం చూసినది రెండు నెలలది.

"కొత్తదే కదండీ, ఇంకేం?"

"అంత పసిదాన్ని రోడ్డు మీదికి ఎట్ల తోల్త?"

డిసెంబరు వచ్చింది. ఆ క్రిస్మస్‌కు ఆ ఇంటి మీద నక్షత్రం వెలగలేదు. ఎర్రబండి మాత్రం అక్కడే ఉంది. దానికి కొత్తగా ఒక బూడిదరంగు ముసుగు కూడా తెచ్చారు దేవసహాయం గారు. రోజూ పొద్దున ఏడున్నరకు ముసుగు కప్పడం, ఏ తెల్లవారుజామునో తీసేయడం.

"అమ్మేసే బండికి ఇంత మర్యాదెందుకు?" అంది సలోమి.

"దుమ్ము" అన్నారాయన.

జనవరి గడిచింది. రోనాల్డ్ ఫోన్లు చేసి చేసి విసిగి, "మామయ్య టైరు జూస్తుండా, సంబంధం జూస్తుండా అత్తయ్యా?" అన్నాడు. ఫిబ్రవరి ఆఖరున పదిహేడో శనివారం నాడు ఆయన చెప్పులు వేసుకుంటుంటే సలోమి చీర మార్చుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నేనూ వస్తున్నా. ఇవాళ నల్లగా, గుండ్రంగా ఏది కనిపించినా తెచ్చేస్తా."

ఆయన మొహంలో రంగు పోయింది. "ఎండ ఎక్కువున్నది సలోమీ."

"పదండి."

దుకాణం రాగానే సలోమి నేరుగా హరికిషన్ ముందు నిలబడింది.

"బాబూ, నేను దేవసహాయం గారి భార్యను. నాలుగు నెలల నుంచీ నీ దగ్గర ఈయనకు నచ్చే టైరు లేదట. ఇవాళ నేను చూస్తా, చూపించు."

హరికిషన్ చేతిలోని రెంచి కింద పెట్టాడు. ఆమె వెనక నుంచి దేవసహాయం గారు ఏదో సైగ చేస్తున్నారు గాని అతనికి అది ఎక్కలేదు.

"నచ్చకపోవుడేందమ్మా? మొదటి శనివారమే పది నిమిషాల్ల తీసుకుండు సారు. అగో జూడుండ్రి."

పై అరలో పాత న్యూస్‌పేపరు చుట్టిన టైర్లు రెండున్నాయి. కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: దేవసహాయం సార్.

"వారం వారం వస్తడు. వాటిని దింపిస్తడు, దుమ్ము తుడుస్తడు, మల్ల ఎక్కిస్తడు, చాయ్ తాగి పోతడు. సార్, బండి తెస్తె అరగంట పని అంటే, జెర ఆగు బిడ్డా అంటడు. ఇంకో ఏడాదైతె ఇవి సుత ముసలివైతయమ్మా, అప్పుడు సారే వద్దంటడు."

సలోమి ఆ టైర్లను చూసింది, భర్తను చూసింది. గొడుగుకు ఆరు నెలలు, మిక్సీకి పద్నాలుగు నెలలు, తనకు మూడు దఫాల టీ. జన్మకొకసారి పది నిమిషాల్లో ఎంచుకుని, ఆ సంగతి దొంగసొత్తులా దాచాడీ మనిషి.

దుకాణం బయట బల్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నారు.

"చెప్పండి" అంది సలోమి.

"పొద్దున ఏడుంబావుకు హదస్సా కిందికి దిగుతది గద. ఆటో వచ్చేదాక ఏం జేస్తదో నువ్వు జూడలే. కిటికీ మూసినవ్."

"ఏం చేస్తుంది?"

"గోడ పట్టుకొని బండి ఎక్కి కూసుంటది. వెనక సీటు మీద. ముందు సీటు అట్లనే ఖాళీగుంటది. టిఫిన్ బ్యాగు ఒళ్లె పెట్టుకొని ఐదు నిమిషాలు కూసుంటది. ఏడ్వదు. వాడు వచ్చి స్టార్ట్ చేస్తడన్నట్టే. ఆటో హారన్ ఇనపడంగనె దిగి పోతది."

ఆయన సలోమి వైపు తిరిగారు: "వెనక సీటు మీంచి ఆ పిల్ల దిగకముందు బండి ఎట్ల అమ్మాలె?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకా బండి కనపడ్తెనే పానం పోతది. నాకెరుకలేదా? నీ కోసమైతె తీసెయ్యాలె. ఆమె కోసమైతె ఉంచాలె. ఎట్ల ఎంచుకుందు సలోమీ? నాకు గొడుగే ఎంచుకునుడు రాదాయె. టైర్లయితె అల్కగనే అయింది." ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "అందుకే ఆమె దిగంగనె ముసుగేస్తున్న, నువ్వు బయటికి రాకముందు. ఎవరన్న అడిగితె నన్నే అననీ. ఎట్లయినా అంటనే ఉంటరు."

తిరుగు బస్సులో సీతాఫల్‌మండి స్టాపు వస్తుండగా సలోమి ఆయన మోచేయి పట్టుకుంది. దిగేటప్పుడు పట్టుకోవడం అలవాటే గాని, ఈసారి స్టాపుకు చాలా ముందే పట్టుకుంది.

సోమవారం పొద్దున ఏడుంబావుకు ఆమె వంటింటి కిటికీ రెండు వేళ్ల మందం తెరిచింది. నాలుగు నెలల తుప్పుకు గడియ కీచుమనబోతే కొంగు అడ్డం పెట్టింది. కింద ఎర్రబండి మీద, ఎత్తు సీటు మీద, హదస్సా కూర్చుని ఉంది. ముందున్న ఖాళీ మీద వెలుతురు పడుతోంది. సలోమికి ఆ అర క్షణం మళ్లీ వచ్చింది, జెఫ్రీ ఇంట్లోనే ఉన్నట్టు. ఈసారి ఆమె ఆ అర క్షణాన్ని వెళ్లగొట్టలేదు. చూసి, చప్పుడు కాకుండా రెక్క దగ్గరకు వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.

సాయంత్రం రోనాల్డ్ ఫోన్ చేశాడు. హాల్లో దేవసహాయం గారు పేపరు చదువుతున్నారు. హదస్సా మేడ మెట్ల మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది.

"అత్తయ్యా, మీరే పోయిండ్రట గద. దొరికినయా?"

సలోమి ఇరవై ఏళ్లు సండే స్కూల్లో అబద్ధమాడరాదని చెప్పిన మనిషి. భర్త వైపు చూసింది. ఆయన బొటనవేలితో చూపుడువేలు నొక్కి చూపించారు, మెత్తగుందని చెప్పమన్నట్టు. అది ఎప్పుడో వాడేశాం అన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

"లేదు బాబూ. ఇంకా కుదర్లేదు."

"ఇప్పుడేమైంది?"

"టైర్లు బాగానే ఉన్నాయి. వాటికి వెంట్రుకలు ఎక్కువున్నాయి."

"వెంట్రుకలా?"

"సన్నగా రబ్బరు వెంట్రుకలు, ఒళ్లంతా. మీ మామయ్య పోనీలే అన్నాడు. నేనే ఒప్పుకోలేదు."

దేవసహాయం గారి పేపరు గడగడ వణికింది. మెట్ల మీద నుంచి చిన్న శబ్దం వచ్చింది. తుమ్మేమో అనుకుంది సలోమి. కాదు. హదస్సా నోటికి నోటుపుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సెప్టెంబరు తర్వాత ఆ ఇంట్లో వినపడిన మొదటి నవ్వు అది. కొంచెమే వచ్చి ఆగిపోయింది గాని, వచ్చింది.

ఫోన్ పెట్టేశాక దేవసహాయం గారు పేపరు దించి గుసగుసగా అన్నారు, "కొత్త టైరన్నాక అన్నింటికి వెంట్రుకలుంటయ్ సలోమీ."

"ఉండనివ్వండి. వచ్చే శనివారం నేనూ వస్తా. మీరొక్కరే అయితే తొందరపడి ఏదో ఒకటి ఎంచేస్తారు."