పడలే అన్న మాట

ఏడేళ్ళు నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉండింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. కర్నూలుకు రాజధాని వచ్చింది, హైదరాబాదుకు పోయింది కూడా, ఈ మాట మాత్రం ఉన్నచోటే ఉండింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం సులువు. నా పేరు అడగవద్దు. నంద్యాలలో ఫొటో స్టూడియో నడిపే ఒకాయన భార్యను, అంతవరకు చాలు.

ఆ ఏడు మా ఆయన పెద్ద కెమెరాకు మద్రాసు నుంచి కొత్త లెన్సు తెప్పించాడు. ఆయుధపూజకు ముందురోజు రైల్లో పార్సిలు వచ్చింది. పెట్టెలో రంపపు పొట్టు, దాని కింద దూది, దూదిలో తెల్లటి మెత్తని గుడ్డ, గుడ్డకు దారంతో చిన్న ముడి. పురిటిబిడ్డను చుట్టినట్టు చుట్టారు. ఏడాది గ్యారంటీ కార్డు కూడా పెట్టారు. లెన్సు దెబ్బతిని వస్తే మారుస్తారు, మన చేతిలోంచి పడితే వాళ్ళకు పూచీ లేదు. ఆయనకు జూపాడు బంగ్లా అనే ఊళ్ళో ఎవరిదో గ్రూపు ఫొటో ఉంది. బస్సుకు టైమై, లెన్సును పైపైన చూసి, దాన్ని ముట్టుకోవద్దని నాకు చెప్పి పోయాడు.

ముట్టుకున్నాను. తెల్లవారితే పూజ. స్టూడియో కడిగి, కెమెరాకు, దాన్ని నిలబెట్టే ముక్కాలిపీటకు, ఫొటోలు కడిగే మందునీళ్ళ తట్టలకు అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాను. కొత్తగా ఇంట్లోకి వచ్చిన దానికి పెట్టకుండా ఎట్లా? పసుపు తడి చేతులతోనే పట్టుకున్నాను. జారింది. కింద బేతంచెర్ల నాపరాతి బండ. తీసి చూస్తే అద్దం అంచున వడ్లగింజంత పెచ్చు ఊడింది. పసుపు శుభ్రంగా తుడిచి, గుడ్డలో చుట్టి, ఆ ముడిని ఉన్నది ఉన్నట్టే వేసి పెట్టాను.

ఎందుకు దాచాను? ఆయన కొడతాడనా? కాదు, ఆయన చెయ్యి ఎత్తే మనిషి కాడు. అప్పటికి ఏడాదిగా నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఒక్క వస్తువు కింద పడేస్తే మళ్ళీ స్టూడియోలో కాలు పెట్టొద్దని మొదటిరోజే చెప్పాడు. అన్నాడంటే అంతే. ఇక ఆళ్లగడ్డలో ఒక పెద్ద రైతు ఇంట్లో ఆడవాళ్ళు పరాయి మగవాడి ఎదుటికి రారు. ఆడమనిషి వచ్చేటట్టయితే ఫొటోలు తీయించుకుంటామని ఆ ఇంటి ముసలమ్మ కబురు పంపింది. దసరా అయిన కొన్నాళ్ళకు నేను పోవాలి. నేను, ఒక్కదాన్నే, కెమెరాతో. ఆ కబురు వచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు, నిజం.

పూజ వేళకు ఆయన వచ్చాడు. లెన్సు తీసి చూసి, చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు.

“మే, ఈడ రా. ఇది యాడన్నా పడిందా?”

నేను దీపం వత్తి సరిచేస్తూ ఉన్నాను.

“పడుంటే చెప్పు. అంచున కదా, ఇంత నల్లసిరా పూస్తే బొమ్మకేం కాదు, పని చేసుకుంటా. పడకుంటే మద్రాసుకు రాస్తా. అబద్ధం కింద మాత్రం నా చేవ్రాలు పెట్టను.”

“పడలే,” అన్నాను. “పార్సిల్లోనే అట్లొచ్చిందేమో.”

ఆయన ఇంకొక్కసారి కూడా అడగలేదు. నన్ను నమ్మాడు. ఉత్తరం రాసి, లెన్సు వెనక్కు పంపాడు.

కొన్నాళ్ళకు కొత్త లెన్సు వచ్చింది, దాంతో ఇంగ్లీషులో టైపు కొట్టిన ఉత్తరం. పోస్టుమాస్టరు దగ్గర చదివించుకొని మా ఆయన బజారంతా వినపడేట్టు నవ్వుకుంటూ వచ్చాడు. క్షమించమని రాశారు. పార్సిలు కట్టిన మనిషిని పనిలోనుంచి తీసేశామని కూడా రాశారు. “చూసినావా, నిజముంటే మద్రాసు గూడా దిగొస్తాది,” అని ఆ ఉత్తరాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించి, ఫొటోకు వచ్చినవాళ్ళందరికీ ఆ కత చెప్పేవాడు.

సిగ్గు విడిచి చెబుతాను, నాకు ఆ రోజు సంతోషంగానే ఉండింది. ఆళ్లగడ్డకు పోయాను. ఆ ఇంటి నడవలో కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకొని చూస్తే, ఎనభై ఏళ్ళ ముసలమ్మ, కోడళ్ళు, మనమరాళ్ళు అందరూ తలకిందులుగా, నవ్వు ఆపుకుంటూ కనబడ్డారు. జన్మలో ఫొటో ఎరగని ముఖాలు అవి. బొమ్మ పడే గాజు ప్లేటు ఒక్కటి కూడా చెడలేదు. ఆ తరువాత ఎన్ని ఊళ్ళు, ఎన్ని ఇళ్ళు. ఆ బొమ్మలు నేను తీసినవి. వాటి గురించి నాకు ఈనాటికీ గర్వమే, దాన్ని మాత్రం ఎవరు చెప్పినా వదులుకోను.

కానీ లెన్సు వెనక్కు పోయినా, దాన్ని చుట్టి వచ్చిన ఆ తెల్లగుడ్డ నా దగ్గరే ఉండిపోయింది. లెన్సు తుడవడానికి అంత మెత్తనిది ఇంకోటి దొరకలేదు. తుడిచినప్పుడల్లా ఆ ముడి గుర్తొచ్చేది. అంత శ్రద్ధగా కట్టిన చెయ్యి ఎవరిది? ఆ ఇంట్లో పిల్లలెంతమంది? వాళ్ళు అన్నం ఎట్లా తిన్నారు? సిరాతో పోయేదానికి నేను ఒక మనిషి కూడు తీశాను. పైగా అబద్ధం కింద చేవ్రాలు పెట్టనన్న మనిషితోనే పెట్టించాను. ఏటా ఆయుధపూజకు ఆయన ఆ ఉత్తరానికి కూడా బొట్టు పెట్టమనేవాడు. పెట్టేదాన్ని, ఆరేళ్ళు.

ఈసారి పెట్టలేకపోయాను. దాన్ని మేకు నుంచి దించి బల్లమీద పెట్టి, ఆయన్ను కూర్చోమని, మొత్తం చెప్పాను. మద్రాసుకు నా చేతితో, నా పేరుతో ఉత్తరం కూడా రాశానని చెప్పాను. జవాబు రాలేదు. ఆ మనిషి దొరుకుతాడని నేను అనుకోవడం లేదు, దొరికినా నన్ను ఎందుకు మన్నించాలి?

మా ఆయన నన్ను తిట్టలేదు, ఊరడించనూ లేదు. స్టూడియోలోకి రావద్దని కూడా అనలేదు. ఆ రోజు నుంచి నాతో మాట తక్కువైంది. గోడకు మేకు ఒక్కటే మిగిలింది.

నిన్న ఆళ్లగడ్డ నుంచి కొందరు ఫొటోకు వచ్చారు. పాత వాడుక మీద, “అన్నా, ఆ మద్రాసోళ్ళ కత చెప్పప్పా,” అని అడిగారు. ఆయన తల ఎత్తకుండా నా వైపు చెయ్యి చూపించాడు.

“ఆమెనడుగు,” అన్నాడు.

ఏడేళ్ళ కిందట ఆయన అడిగిన మాటకు, అందరి ఎదుట, నిలబడి జవాబు చెప్పాను.

“పడింది,” అన్నాను. “నా చేతిలోంచే పడింది.”